చుక్క నీళ్లు లేవన్నాడు

మా బావ మీద పగ తీర్చుకోవాలని నేను తీర్మానించుకున్నది ఇంజన్‌బౌలి ఎత్తు మీద, మే నెల ఎండలో, నడిరోడ్డున నిలబడి. ఒక చేతిలో పెళ్లికూతురి పూలజడ డబ్బా, ఇంకో చేతిలో కారు తాళం. ఎదురుగా మా పాత కారు బానెట్ తెరుచుకుని బుసబుసా ఆవిరి కక్కుతోంది. వెనక బస్సు డ్రైవర్ హారన్ మీద నుంచి చెయ్యి తీయడం లేదు. ఆటోల వాళ్లు తలలు బయటపెట్టి ఉచిత సలహాలు ఇస్తున్నారు. అంత గోలలోనూ నా చెవిన స్పష్టంగా పడింది మా బావ అన్న మాటే.

"సుక్క నీళ్లు లెవ్వు! రేడియేటర్ ఎండిపోయింది! ఏంది మామా, పెండ్లి బండికి నీళ్లు గూడ పొయ్యలేదా?"

ఆయన మామా అన్నది మా నాన్నను. మేము బాపు అంటాం. ఫ్యాక్టరీ స్టాఫ్ బస్సును రిటైరయ్యేదాకా నడిపిన మనిషి. కంటిచూపు మందగించాక స్టీరింగ్ నాకు ఇచ్చేశాడు గానీ బానెట్ మాత్రం ఇవ్వలేదు. రోజూ పొద్దున చాయ్ తాగకముందే దాన్ని పైకెత్తి, రేడియేటర్ మూత తిప్పి, లోపలికి వేలు పెట్టి చూస్తాడు. కళ్లకు ఆనదు కాబట్టి వేలితోనే చూడటం. వేలు తడవకపోతే పచ్చ కూలెంట్ కలిపిన నీళ్లు పోసి మళ్లీ వేలు పెడతాడు. ఎప్పుడైనా నేను చూస్తానంటే చెయ్యి అడ్డం పెట్టేవాడు. ఆ పనిలో ఆయనకు ఇంకో మనిషి సాయం అక్కర్లేదు.

ఆ బాపు ఆ రోజు వెనక ఆటోల్లో వచ్చి దిగిన పెళ్లి జనం ముందు, మనవరాలి ముందు, తలపాగా సర్దుకుంటూ అన్నాడు.

"పోసిన బిడ్డా. పొద్దుగాల ఏలు పెట్టి సూసిన."

"మరి యాడికి పోయినయి? ఎవడన్న తాగిండా?"

నవ్వినవాళ్లలో మా దగ్గరివాళ్లే ఉన్నారు. నాకు కోపం వచ్చింది అంటే చాలదు. ఆ పూలజడ డబ్బాతోనే ఆయన నెత్తి మీద ఒకటి ఇవ్వాలనిపించింది. పెళ్లికూతురి తండ్రి కాబట్టి బతికిపోయాడు.

అవును, పెళ్లి ఆయన కూతురిదే. మా అక్కను ధూల్‌పేట్‌లో ఇచ్చాం. నేను పెళ్లి చేసుకోలేదు. ఒక ప్రభుత్వ ఆఫీసులో పని చేస్తూ ఫలక్‌నుమాలో బాపుతోనే ఉంటాను. ఫంక్షన్ హాలు మా వైపు దొరికింది. పెళ్లికూతురిని తాత కారులోనే తీసుకురావాలని అక్కకు కోరిక. అలా నేను డ్రైవింగ్ సీట్లో, పక్కన బావ మీగడరంగు ప్యాంటు షర్టులో, వెనక పెళ్లికూతురు, అక్క, బాపు. ధూల్‌పేట్‌లో బయలుదేరినప్పుడు అంతా బాగానే ఉంది. శాలిబండ దాటాక ఉష్ణోగ్రత చూపే ముల్లు మధ్యను దాటి పైకి పాకడం మొదలుపెట్టింది.

అప్పుడు చేయవలసినది బాపు నాకు ఎప్పుడో నేర్పాడు. ముల్లు ఎక్కితే ఏసీ ఆపాలి, హీటర్ పెట్టాలి. ఇంజన్‌లోని వేడి కొంత కారులోకి వస్తుంది. మనం ఉడికినా ఇంజన్ బతుకుతుంది. నేను ఏసీ ఆపి హీటర్ తిప్పాను. వేడిగాలి భగ్గుమని కొట్టింది. బావ ఒక్క అరుపు అరిచాడు.

"నీకేమన్న దిమాక్ ఉన్నదా? మే నెల్ల హీటరా? పిల్ల మేకప్ మొత్తం కారుతది!"

అని తన చేత్తో హీటర్ కట్టేసి ఏసీ పెట్టాడు. నేను మళ్లీ తిప్పాను. ఆయన మళ్లీ కట్టేశాడు. వెనక నుంచి అక్క, "మంచి రోజు లొల్లి వద్దు," అంది. నేను ఊరుకున్నాను. ఎత్తు ఎక్కుతుండగా ముల్లు ఎర్రగీతను తాకింది, బానెట్ సందుల్లో నుంచి పొగ లేచింది. బండి పక్కకు తీసి ఇంజన్ ఆపాను.

ఆ తర్వాత బావ చేసిన పని, కారు కొన్న మొదటి రోజు పిల్లవాడు కూడా చేయడు. నేను "ముట్టుకోకు బావా" అంటుండగానే దిగి, బానెట్ ఎత్తి, మెడలోని తువ్వాలతో రేడియేటర్ మూత పట్టుకుని తిప్పేశాడు. మసిలే నీళ్లు ఒక్కసారి పైకి చిమ్మాయి. ఆయన వెనక్కి గెంతాడు కాబట్టి ముఖం దక్కింది, ప్యాంటు తడిసింది. ఆవిరి తగ్గాక తొంగిచూసి, చుక్క నీళ్లు లేవు అన్నాడు.

ఇది చదువుతున్న మీకు ఇప్పుడే విషయం తట్టి ఉంటుంది. నాకు ఆ రోజు తట్టలేదు. వెనక సీట్లో పెళ్లికూతురు ఏడుపు మొదలుపెట్టింది. ముహూర్తం ముంచుకొస్తోంది. అక్క ఆటోను పిలిచింది. పెళ్లికూతురు ఫంక్షన్ హాలు ముందు ఆటోలో నుంచి దిగింది, మగపెళ్లివారు గేటు దగ్గరే నిలబడి చూశారు. "కార్ల నీళ్లు లెవ్వు, మా మామ మర్చిపోయిండు," అని బావ అడిగినవారికీ అడగనివారికీ చెప్పాడు. పప్పు వడ్డించే చోట చెప్పాడు, పాన్‌ల దగ్గర చెప్పాడు. సాయంత్రానికి మా చుట్టాల్లో ఆ మాట తెలియని మనిషి లేడు.

బావ మంచివాడే అని అందరూ అంటారు. నేను అనను. ఆయనకు తెలియనిది లేదు. ఫ్రిజ్ ఎందుకు చల్లబడదో, ఎవరికి షుగర్ ఎందుకు వచ్చిందో, ఏ గల్లీలో పైపు ఎక్కడ పగిలిందో అన్నీ ఫోన్‌లో వీడియోలు చూసి చెప్పేస్తాడు. చెప్పడం అయ్యాక "దిమాక్ ఉండాలె" అని కణత మీద వేలు పెట్టి కొట్టుకుంటాడు. ఆ వేలును విరవాలని నాకు చాలా ఏళ్లుగా ఉంది.

పెళ్లయ్యాక మాట అక్కడితో ఆగలేదు. అక్క రోజూ ఫోన్ చేసి జాగ్రత్తలు చెప్పసాగింది. బాపును పొయ్యి ముట్టించనియ్యకు. స్టేషన్ రోడ్డుకు ఒక్కణ్ణే పంపకు. బావ చెప్తున్నాడు, ఇట్లనే మొదలైతదట. ఒకరోజు బావే ఫోన్ తీసుకుని, మతిమరుపు గురించి తాను చూసిన వీడియో సంగతులు చెప్పాడు. నేను వింటూ పళ్లు నూరాను. పక్కింటావిడ గోడ మీద నుంచి, "మీ బాపుకు ఎట్లున్నది ఇప్పుడు?" అని జ్వరమొచ్చిన మనిషిని అడిగినట్టు అడిగింది.

ఇవన్నీ నేను భరించేదాన్నే. భరించలేకపోయింది బాపు మారిన తీరునే. మొదటి రెండు మూడు రోజులు "పోసిన బిడ్డా" అన్నాడు. తర్వాత "పోసినట్టే యాదికున్నది" అన్నాడు. ఆ తర్వాత ఒక సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి, "గా దినం పెండ్లి తొందర్ల మర్చిపోయిన్నేమో. మీ బావ అబద్ధం ఎందుకు చెప్తడు?" అన్నాడు.

పొద్దున్నే కారు దగ్గరికి వెళ్లడం మానేశాడు. గేటు వేసి లోపలికొచ్చి, వేశానా అని నన్ను అడిగేవాడు. వేశావు బాపూ అంటే తల ఊపేవాడు, కానీ మళ్లీ లేచి వెళ్లి చూసేవాడు. తాళాలు తెచ్చి నా చేతిలో పెట్టి, నీ దగ్గరే ఉంచు అన్నాడు. జీవితమంతా బస్సు నిండా మనుషులను తన చేతుల మీద మోసినవాడు, పాలు పొంగకుండా దింపగలడో లేదో అని భయపడుతున్నాడు. అదంతా ఒక్క మనిషి నోటి నుంచి ఊడిపడ్డ మాట వల్ల. ఆయన నిజంగానే మర్చిపోతున్నాడా, లేక మర్చిపోయావని చెప్పి మేమే ఆయన్ను పాడు చేస్తున్నామా? దానికి జవాబు ఆ ఇంజన్‌లోనే ఉంది. అది దొరికితే బావను ఎక్కడ, ఎవరి ముందు కూర్చోబెట్టి కడిగేయాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాను.

ఒక ఆదివారం పొద్దున బానెట్ ఎత్తాను. నేను మెకానిక్‌ను కాను. కానీ చిన్నప్పటి నుంచి ఆయన పక్కన నిలబడి టార్చిలైట్ పట్టుకున్నదాన్ని. "బండి ఎందుకు కాగింది అని అడగకు, ఎప్పుడు కాగింది అని అడుగు," అనేవాడు. నిలబడి ఉన్నప్పుడు కాగితే ఫ్యాన్‌ను అనుమానించాలి. పరుగెత్తేటప్పుడు కాగితే రేడియేటర్‌ను. నీళ్లు కారుతున్నాయా, ఇంజన్ ఆయిల్ పాలలా తెల్లబడిందా, అవి వేరే జబ్బులు.

నీళ్లు నిండా పోసి, బండి కింద పాత అట్టపెట్టె చింపి పరిచి, ఇంజన్ ఆన్ చేసి వదిలేశాను. అట్ట మీద చుక్క పడలేదు. ఆయిల్ పుల్ల తీసి చూశాను, నల్లగా ఉంది, అది మంచిదే. చాలాసేపటికి ఫ్యాన్ గిర్రున తిరిగింది. లోపల బాపు గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. కిటికీలో నుంచి గొంతు వచ్చింది.

"ఫ్యాన్ దిరిగింది."

అంతే అన్నాడు. బయటికి రాలేదు. నాకు బావ గుర్తొచ్చి మళ్లీ కోపం వచ్చింది.

నిలబడి ఉంటే కాగడం లేదు. అయితే ఎక్కేటప్పుడు కాగుతుందా? పెళ్లి రోజున కారులో ఐదుగురం ఉన్నాం, ఏసీ నడిచింది. మా గల్లీ వాటర్ ప్లాంట్ నుంచి నీళ్ల క్యాన్లు తెచ్చి సీట్ల మీద వరసగా కూర్చోబెట్టాను. ముందు సీట్లో పెట్టిన క్యాన్‌కు బావ పేరు పెట్టి బెల్టు కూడా వేశాను. రేడియేటర్‌లో నీళ్లు అంచుదాకా ఉన్నాయని మళ్లీ వేలు పెట్టి చూసుకుని, మధ్యాహ్నం ఎండలో శాలిబండ దాకా పోయి వెనక్కి తిరిగి, ఏసీ పెట్టి అదే ఎత్తు ఎక్కాను. ముల్లు లేచింది. సరిగ్గా అక్కడే, అలాగే. ఎర్రగీత దగ్గరికి రాకముందే పక్కకు తీసి హీటర్ పెట్టి, చెమటతో తడిసి ముద్దయి కూర్చున్నాను. పాల బూత్ దగ్గర నిలబడ్డ ఒకాయన వచ్చి, కారు నిండా నీళ్ల క్యాన్లు చూసి, "ఇన్ని నీళ్లున్నయి గద మేడం, జెర ఇంజన్ల గూడ పొయ్యండ్రి," అన్నాడు.

మూత ముట్టుకోలేదు. బండి పూర్తిగా చల్లారేదాకా ఆ ఎండలోనే కాచుకున్నాను. అప్పుడు మూత తిప్పి వేలు పెట్టాను. వేలు తడిసింది.

నీళ్లు నిండుగా ఉండగానే ఈ కారు కాగుతోంది! నేను రోడ్డు పక్కనే ఒక గెంతు గెంతాను. అప్పుడే, ఇన్నాళ్లుగా కళ్ల ముందే ఉన్న సంగతి కూడా తలకెక్కింది. పెళ్లి రోజున రేడియేటర్ ఎండిపోయి ఉంటే, బావ మూత తిప్పినప్పుడు ఆయన ప్యాంటు తడిపినవి ఎక్కడివి? బాపు పోసిన నీళ్లన్నీ రోడ్డు మీదికి చిమ్మేసి, ఖాళీ గిన్నెలోకి చూసి నీళ్లు లేవన్నాడు మా మహా మేధావి. ఆ మాటను ఇంతమందిమి నమ్మాం. పోసిన మనిషి కూడా నమ్మాడు!

ఆ సాయంత్రమే బాపుతో చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. "మరి ఎందుకు కాగింది?" అని అడిగాడు. అది ఇంకా చూడాలి అన్నాను. "కారణం దొరకకుంటే నీళ్లే అంటరు బిడ్డా," అని లేచిపోయాడు. ఆయన అన్నది నిజం.

మరుసటి రోజు ఇంజన్ రాత్రంతా చల్లారి ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, ఇంజన్ నుంచి రేడియేటర్‌కు పోయే పై గొట్టం మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను. ఇంజన్‌కు, రేడియేటర్‌కు మధ్య ఒక చిన్న తలుపు ఉంటుంది, థర్మోస్టాట్ వాల్వ్ అంటారు. ఇంజన్ చల్లగా ఉన్నంతసేపు అది మూసుకుని ఉంటుంది, పై గొట్టం చల్లగానే ఉండాలి. ఇంజన్ సరిపడా వేడెక్కాక తలుపు తెరుచుకుంటుంది, గొట్టం ఒక్కసారిగా చురుక్కుమంటుంది. మా గొట్టం అలా చేయలేదు. స్టార్ట్ చేసిన కాసేపటికే గోరువెచ్చనై, మెల్లమెల్లగా వేడెక్కుతూ పోయింది. తలుపు తెరిచే ఉండిపోయిందా? లేక తలుపే లేదా?

అప్పుడు లాడ్ బజార్ గుర్తొచ్చింది. పెళ్లి గాజుల కోసం వెళ్లిన రోజు, ఆ గుంపులో బండి నత్తలా కదులుతుంటే బావ డ్యాష్‌బోర్డు వైపు చూపించి, "సూసినవా, ముల్లు ఎంత కిందున్నదో," అని మురిసిపోయాడు. ఎప్పుడూ మధ్యలో నిలిచే ముల్లు ఆ రోజు అడుగునే పడి ఉంది. ఆయనకు ఎందుకంత సంతోషమో నాకు అర్థం కాలేదు. అంతకు కొద్ది రోజుల ముందే ఆయన పెళ్లికార్డులు పంచడానికి కారు తీసుకుపోయి, బాగా తిప్పి తెచ్చి ఇచ్చాడు.

ఫలక్‌నుమా స్టేషన్ వైపు ఒక మెకానిక్ షెడ్డు ఉంది. అక్కడి ఉస్తాద్ బోల్టులు విప్పి, వాల్వ్ ఉండే గూటి మూత పైకెత్తాడు. లోపల వేలు తిప్పి, "వాల్వ్ హైచ్ నై బాజీ," అన్నాడు. లేనే లేదు!

"ఎవరు తీసిన్రు భాయ్?"

"కౌన్ బీ తీస్తరు బాజీ. మేం గూడ తీస్తం. హైదరాబాద్ ఎండలకు వాల్వ్ కాయ్‌కు? వాల్వ్ ఇరుక్కుంటది, బండి గరం అయితది, తీసి పారేస్తం. బాత్ ఖతం."

అదే ఈ ఊరి పద్ధతి. గ్యారేజీలన్నింటిలోనూ ఈ ముక్కను చలిదేశాల వాళ్ల సోకు కింద జమకట్టి పీకేస్తారు. కొన్ని బండ్లకు ఫరవాలేదు. మా కారులాంటి వాటికి కాదు. వాల్వ్ తెరుచుకున్నప్పుడు దాని వెనక భాగం ఒక అడ్డదారిని మూస్తుంది. వాల్వే లేకపోతే ఆ అడ్డదారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. వేడినీళ్లలో చాలా భాగం రేడియేటర్ ముఖం చూడకుండానే తిరిగి ఇంజన్‌లోకి వెళ్లిపోతుంది. ఖాళీగా, మెల్లగా పోతే ముల్లు కిందే ఉంటుంది. బరువుతో ఎత్తు ఎక్కించారా, కాగి కూర్చుంటుంది. కొత్తది వెయ్యమంటే ఉస్తాద్ నాతో వాదించాడు. నేనూ వాదించాను. చివరికి, "మీ ఖుషీ బాజీ," అని వేశాడు. మళ్లీ క్యాన్లు ఎక్కించి, ఏసీ పెట్టి, అదే ఎత్తు ఎక్కాను. ముల్లు మధ్యలో కదలకుండా నిలబడింది.

తీయించింది బావే అని నాకు తెలుసు. కానీ ఆయన ఒప్పుకోడనీ తెలుసు. నిలదీస్తే ఇంకో వీడియో చూపిస్తాడు. అందుకని నోరు మూసుకుని బోనాల దాకా ఆగాను. అన్ని రోజులు ఒక మాటను కడుపులో పెట్టుకోవడం నా వల్ల అయిందంటే మా వాళ్లు ఇప్పటికీ నమ్మరు.

బోనాల ఆదివారం అందరూ మా ఇంటికే వస్తారు. బోనం సమర్పించి వచ్చాక చాపల మీద భోజనాలకు కూర్చున్నాం. పెళ్లిలో నవ్విన చుట్టాలు వరసగా ఉన్నారు. కొత్త అల్లుడు మొదటిసారి వచ్చాడని బావ అతని పక్కనే కూర్చుని, మేకలో ఏ భాగం ఎందుకు మంచిదో వివరిస్తున్నాడు. బాపు మూలన గోడకు ఆనుకుని తింటున్నాడు. నేను మాంసం గిన్నె పట్టుకుని బావ ముందు వంగాను. మంచి మూలుగ ఉన్న నల్లి బొక్కలు ఏరి ఆయన పళ్లెంలో వేశాను.

"బావా, కారు చూపెట్టిన. ఉస్తాద్ బానెట్ లేపి పరేషాన్ అయిండు. ఇందులకెల్లి వాల్వ్ తీసినోడు ఎవడో గాని మస్తు దిమాక్ ఉన్నోడు అన్నడు."

బావ ముఖం వెలిగిపోయింది. కణత మీద వేలు పెట్టాడు.

"ఎవడో ఏంది? నేనే తీయించిన! కార్డులు పంచేటప్పుడు జెర గరం అయింది. వాల్వ్ మన ఎండలకు దండగ, తీసి పారెయ్ అన్న. గప్పటిసంది, నీళ్లు లేని గా దినం తప్ప, ముల్లు లేవనే లేదు, చూసినవా?"

"బాపుకు చెప్పినవా?"

"మామకు చెప్తే తీయనిస్తడా? పాతకాలపోళ్లకు గివి ఎక్కయి."

నేను గిన్నె కింద పెట్టాను. మెల్లగా, ఉడుకు నీళ్లు ఎలా తిరుగుతాయో, వాల్వ్ తీసేస్తే ఏమవుతుందో, పెళ్లి రోజున ఎత్తు మీద ఏమైందో అందరికీ వినపడేట్టు చెప్పాను. నీళ్లు నిండా ఉండగానే కారు కాగిందని చెప్పాను. కొత్త వాల్వ్ వేశాక కాగలేదని చెప్పాను. బావ నమలడం ఆపాడు.

"గట్లెట్ల? రేడియేటర్ల సుక్క నీళ్లు లెవ్వు. నేను నా కండ్లతోటి చూసిన."

"మూత ఇప్పినంక చూసినవ్ బావా. ఇప్పినప్పుడు నీ ప్యాంటు మీద పడ్డయేంది మరి?"

"అది ఆవిరి."

వంటింటి గడపలో నిలబడి ఉన్న అక్క ఇది వింది. ఆమెను నేను ముందు తయారు చేయలేదు, ఒట్టు. దేవతే ఆ నోట పలికించింది.

"ఆవిరి పచ్చగుంటదా? ఆ పచ్చ మరకలు ఎన్ని తీర్ల ఉతికినా పోలె. ప్యాంటు ఇంక తొడుగరాదని పక్కకు పడేసిన. మా బాపు పోసే నీళ్ల రంగు నాకు తెల్వదా?"

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తర్వాత చాప మొత్తం నవ్వింది. కొత్త అల్లుడు అమాయకంగా, "అయితే నీళ్లు మీరే పారబోసిన్రా మామా?" అన్నాడు. ఆ పిల్లవాడికి నేను ఇంకో రెండు ముక్కలు వేశాను. బావ చెవులు ఎర్రబడ్డాయి. కణత మీది వేలు ఎప్పుడో దిగిపోయింది. తన అల్లుడి ముందు, తన పెళ్లాం నోటి వెంట, ఆ మాట తానే చెవుల్లో ఊదిన చుట్టాల మధ్య. ఇంతకంటే చక్కగా నేను రాసుకున్నా కుదిరేది కాదు. నాకు కడుపు నిండిపోయింది. హీటర్ కట్టేసిన సంగతి కూడా గుర్తు చేశాను, వదల్లేదు. మంచినీళ్లు అందిస్తూ, "ఇంద బావా, నిండ ఉన్నయి, మంచిగ చూసుకో," అన్నాను. జాలి అనేది ఆ రోజు మా గేటు దాటి లోపలికి రాలేదు.

చేతులు కడుక్కున్నాక బావ బాపు దగ్గరికి పోయి నిలబడ్డాడు.

"తప్పయింది మామా. గట్లయితదని తెల్వదు."

బాపు, "పోనీ తియ్యి బిడ్డా," అన్నాడు. ముఖంలో నేను అనుకున్న వెలుగు కనిపించలేదు. పెద్ద మనిషి కదా, పైకి చూపించడు అని నాకు నేనే చెప్పుకున్నాను.

మర్నాడు పొద్దున తాళాలు తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. తీసుకున్నాడు. చాలా రోజుల తర్వాత కారు దగ్గరికి నడిచాడు. నేను మెట్ల మీద చాయ్ పట్టుకుని, యుద్ధం గెలిచిన రాణిలా కూర్చున్నాను. బానెట్ ఎత్తాడు, మూత తిప్పాడు, నీళ్లు పోశాడు. వేలు పెట్టాడు. తీసి, ఆ వేలును చూసుకుంటూ అలాగే నిలబడిపోయాడు. మూత వెయ్యడం లేదు.

నేను వెళ్లి లోపలికి తొంగిచూశాను.

"నిండుగున్నయి బాపూ."

"నువ్వు మొదటిసంది ఉన్నయనే అంటున్నవ్ బిడ్డా," అన్నాడు బాపు. "లెవ్వన్నోడు వచ్చి ఉన్నయనాలె."

నవ్వులాటకు అన్నాడేమో అనుకున్నాను. కాదు. లోపలికి వెళ్లి ఫోన్ తెచ్చి, ధూల్‌పేట్‌కు కలపమని నా చేతికిచ్చాడు. "అల్లుడా, నీళ్లు పోసిన. తీరికగ ఉంటే ఒకసారి వచ్చి చూసి పోరాదు?" అని ఎంతో మర్యాదగా అడిగాడు. బానెట్ అలాగే తెరిచి ఉంచి, కుర్చీ వేసుకుని పక్కన కూర్చున్నాడు.

బావ వచ్చాడు. ఇప్పటికీ వస్తున్నాడు. ఆదివారం వస్తే ధూల్‌పేట్ నుంచి ఆ ట్రాఫిక్ అంతా ఈదుకుంటూ స్కూటర్ మీద వచ్చి, ఎండలో మా బానెట్ కింద తల పెడతాడు. మొదట్లో నాకది పండగలా ఉండేది. ఇంతకు మించిన శిక్ష ఏముంటుంది అని మెట్ల మీద కూర్చుని చూసేదాన్ని. ఆయన కూడా మారాడనే చెప్పాలి. దిమాక్ మాట ఎత్తడు, తొందరపడడు, సెల్‌ఫోన్ లైటు వేసి మరీ చూస్తాడు.

"ఉన్నయి మామా."

"మంచిగ చూసినవా?"

"చూసిన. నిండుగున్నయి."

అప్పుడు గానీ బాపు మూత వెయ్యడు. ఆ ఒక్క మాట కోసం, తప్పు చేసిన పిల్లవాడు మాస్టారి ముఖంలోకి చూసినట్టు, మా బాపు ఆ మనిషి ముఖంలోకి చూస్తాడు. బావ మీద నా పగ బోనాల నాడే తీరిపోయిందని మా అక్క అనుకుంటోంది. నేను ఆ చూపును వారం వారం చూస్తున్నాను.